పేలిన నక్షత్రం పాఠం

కొల్లాపూర్ కాలేజీలో మా ఫిజిక్స్ మేడం పాఠం చెబుతూ పిడికిలితో అరచేతిని గుద్దేది. ఆ రోజు పేలిపోయిన నక్షత్రం ఫొటో చూపించింది. అంతరిక్షంలోని ఎక్స్-రే టెలిస్కోపు తీసిందది.

"ఈ అంచు జూడుండ్రి. పేలుడు అల కణాలను అటిటు కొడ్తది. కొట్టినకొద్దీ వాటి జోరు పెరుగుతది," అంది.

అంతలో మా అన్న కట్టెతో క్లాసులోకి దూసుకొచ్చాడు. "ఎవర్నడిగి పట్నం కాలేజీకి దరఖాస్తు పెట్టినవే?" అంటూ నన్ను జుట్టు పట్టి ఈడ్చాడు. మేడం అడ్డొచ్చింది. నా తల మీద పడాల్సిన దెబ్బకు ఆమె కుడి మణికట్టు విరిగింది. ఆ చప్పుడు క్లాసంతా విన్నాం.

ఆమె అరవలేదు. "నా పాఠం ఇంక అయిపోలే. బయటికి నడువ్," అంది. అన్న కట్టె పారేసి వెళ్లిపోయాడు. పాఠం ముగించాకే ఆమె దవాఖానకు పోయింది.

పట్నంలో చేరేనాడు సంరక్షకుల సంతకం కావాలన్నారు. మా ఇంటి నుంచి ఎవరూ రాలేదు. ఆమె వచ్చి, ఎడమ చేత్తో వంకరగా సంతకం పెట్టింది.