మైపాడులో వేణ్ణీళ్ల యుద్ధం

ముందే ఒప్పుకుంటున్నాను. గోరంతను కొండంత చెయ్యకపోతే నాకు అన్నం అరగదు. పట్టాలంలో నేను సిగ్నల్స్‌లో తీగలు చుట్టినవాణ్ణి. వెంకటాచలంలో మా వాళ్లు మాత్రం ఉత్తర సరిహద్దు మొత్తం నేనొక్కణ్ణే కాశానని నమ్ముతారు. ఆ నమ్మకం నేను పెంచిందే. కాబట్టి కింద రాసిందాన్ని కాస్త తరుగు తీసి చదువుకోండి. ఎక్కడ అచ్చంగా అబద్ధమాడానో చివర్లో చెప్తాను.

మంచు కొండల్లో పనిచేశాను. అక్కడ టీ గ్లాసులోంచి నోట్లోకి పోయేలోపు గడ్డ కట్టేది, కొరుక్కు తినేవాళ్లం. అయినా నేను బెదిరిన పోస్టింగు అది కాదు. పెన్షన్ మొదలయ్యాక వచ్చిందొకటి. మైపాడు. మా అత్తగారిల్లు. చలికాలం.

కార్తీకం చివర్లో బస్సు దిగాను. సన్న చినుకు. ఈశాన్యం నుంచి ఉప్పు గాలి. తూర్పున సముద్రం, పడమట రొయ్యల గుంటలు, మధ్యన ఇసుక వీధి. వీధి చివర రెండు గదుల ఇల్లు. నా దగ్గరున్న సామగ్రి: ఒక రెక్సిన్ సంచి, నెల్లూరు చర్మం డాక్టరమ్మ మా ఇంటావిడకు ముందే రాసిచ్చిన ఆయింట్‌మెంట్ డబ్బాలు, నూలు గ్లవుజులు, నా పట్టాలం ఊలు గ్లవుజులు, చచ్చేంత ధైర్యం.

ఆర్డరు ఇచ్చింది మా ఇంటావిడ. మా అమ్మాయికి కావలిలో కాన్పయింది, ఆవిడ అక్కడికి పోవాలి. ఆవిడ చూసుకుంటున్న వాళ్లమ్మను నేను చూసుకోవాలి. అత్తకు ఎగ్జిమా. చలి తగిలితే చాలు, రెండు చేతులూ బీటలు వారతాయి. ఎర్రబడతాయి. రసి కారుతుంది. అత్త గోకే చప్పుడుకి నడిసముద్రంలో పడవలవాళ్లు రంపం మిల్లు పెట్టారనుకునేవాళ్లు.

అసలు సంగతి ఏమిటంటే, మా అత్త మామూలు మనిషి కాదు. ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్లు పోసింది ఆమే. కాళ్లు చాపి కూర్చుంటుంది, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుంటుంది, సున్నిపిండితో నలుగు పెట్టి పొగలు కక్కే నీళ్లు పోస్తుంది. ఇప్పుడు మునిమనవరాలు పుట్టింది. మూడో నెలలో మైపాడు తెస్తామన్నారు. దానికీ తానే నీళ్లు పోయాలి. కానీ నేను దిగిన మర్నాడే నెల్లూరు తీసుకుపోతే ఆ డాక్టరమ్మ ఒక్క మాటలో తేల్చింది: "చేతులు ఇట్లా రసి కారుతుంటే పసిబిడ్డను ముట్టుకోకూడదమ్మా."

ఆటో ఎక్కాక అత్త, "మాన్పిస్తావా మిలట్రీ?" అంది.

"మాన్పిస్తా అత్తా," అన్నాను. తీగలు చుట్టినోడి నోటికి అంత మాట ఎట్లా వచ్చిందో నాకే తెలీదు.

డాక్టరమ్మ ఆజ్ఞలు నోటికి వచ్చేశాయి. స్నానం గోరువెచ్చని నీళ్లతో, అదీ త్వరగా. సున్నిపిండి వద్దు, కుంకుడుకాయ వద్దు, ఘాటు సబ్బు వద్దు. రుద్ది తుడవకూడదు, మెత్తటి గుడ్డతో అద్దాలి. చెమ్మ ఆరకముందే ఆయింట్‌మెంట్ దట్టంగా పట్టించాలి. చేపలు కడిగినా గిన్నెలు తోమినా లోపల నూలు గ్లవుజు, పైన రబ్బరు గ్లవుజు.

"గోరువెచ్చనా?" అంది అత్త మొదటి రోజు, బకెట్లో చూసి. "ఇవి నీళ్లా అబ్బయా, ఎవరన్నా పుక్కిలించి ఊసినవా?"

"డాక్టరమ్మ ఆర్డరు అత్తా."

"ఆ యమ్మ ఎంతమంది బిడ్డలకు నీళ్లు పోసినాది?"

వెనక్కి తగ్గాను. మర్నాడు తెల్లవారకముందే పొయ్యి ఆక్రమించాను. కాగు స్వాధీనం. సరుగుడు పుల్లలు స్వాధీనం. సున్నిపిండి డబ్బా అటక మీదికి. శత్రువు ఆయుధాలన్నీ మన చేతిలో. ప్రేమ కొద్దీ నా ఊలు గ్లవుజులు కూడా ఆమెకు తొడిగాను. సాయంత్రం కావలికి ఫోన్ కొట్టాను.

"కంట్రోల్, మైపాడు పోస్టు మాట్లాడుతోంది. ఓవర్."

"ఓవరూ లేదు గీవరూ లేదు," అంది మా ఇంటావిడ. "అమ్మ చేతులు ఎట్టుండాయి?"

"శత్రువు వెనకడుగు వేస్తోంది."

"శత్రువెవరు?"

"మీ అమ్మే."

ఫోన్ పెట్టేసింది. ఆవిడ ఎప్పుడూ ఓవర్ అనదు.

పది రోజులు పోయాయి. ఆ రోజు గ్లవుజు తీసి ఎండలో పరీక్షగా చూసి నోరు తెరిచాను. చేతులు బాగుపడకపోగా ఇంకా పగిలాయి. అరచేయి ఎండాకాలపు చెరువులా ఉంది. నీళ్లు నేనే కాచాను. ఆయింట్‌మెంట్ నేనే పట్టించాను. మరి ఇదెట్లా? మర్నాడు పక్కింటి కోడలు దడి మీదుగా తొంగి చూసింది.

"మామా, నా పేరు చెప్పనంటే ఒక మాట చెప్తా. మా కాగులో రోజూ నీళ్లు ఎవరు మరగబెట్టిస్తుండారో తెలుసునా?"

దడి పక్కకు పోయి చూశాను. నాకు మతిపోయింది. అవతల పొగ. అందులో మా అత్త. మోచేతుల దాకా మరిగే నీళ్లలో పెట్టి, కళ్లు మూసుకుని, దేవుడు కనిపించినట్టు నవ్వుతోంది.

"అత్తా!"

కళ్లు తెరవలేదు. "దురద మీద వేణ్ణీళ్లు పడితే ఎంత హాయో నీకేం తెలుసు అబ్బయా. ఆ కాసేపే నాకు ఊపిరాడేది."

అప్పుడర్థమైంది. హాయి కాసేపే. ఆ నీళ్లే చర్మంలో ఉన్న కాస్త జిడ్డునూ ఊడ్చుకుపోతున్నాయి. ఆరాక రెండింతలు దురద. మళ్లీ వేణ్ణీళ్లు. కానీ ఈ మాట చెప్తే వినే మనిషి కాదు. అందుకే సంధికి పిలిచాను. ఒక చెయ్యి డాక్టరమ్మది, ఒక చెయ్యి ఆమెది. ఎవరి చెయ్యి గెలిస్తే వాళ్ల మాట.

అత్త రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంది. ఎడమ చెయ్యి చాపింది. "ఇది ఎట్టా పోయినా పర్లేదు. కుడిచేత్తో కూడు తినాలి."

ఎడమ చేతికి గోరువెచ్చని నీళ్లు, ఆయింట్‌మెంట్, నూలు గ్లవుజు. కుడి చేతికి మరిగే నీళ్లు, సున్నిపిండి, నా ఊలు గ్లవుజు. ఊలు ఒంటికి ఒరుసుకుంటే దురద లేస్తుందని డాక్టరమ్మ ఫోన్‌లో చీవాట్లు పెట్టింది. నా గ్లవుజు కూడా శత్రుపక్షమేనన్నమాట! నా పట్టాలం జీవితంలో అంత అవమానం ఎరగను.

పుష్యమాసంలో ఒక పొద్దున అత్త ఎండలో కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. కుడిది ఎర్రగా, పొట్టు రాలుతూ. ఎడమది నున్నగా, కొత్త పెళ్లికూతురి చెయ్యిలా. ఒకే మనిషి చేతులంటే నమ్మలేం. చూస్తూ నిలబడిపోయాను. మధ్యాహ్నం దాకా ఆమె అక్కణ్ణించి లేవలేదు. నేను టీ తెస్తే తాగలేదు.

"అబ్బయా. ఈ వీధిలో ఎంతమందికి నీళ్లు పోసుంటాను?"

"లెక్కలేదత్తా."

"అందరూ గుక్కపట్టి ఏడిచేవోళ్లు." కుడి చేతి మీది పొట్టు దులిపింది. "ఏడిస్తే గుండెకు బలమనుకొంటి."

అత్త కుడి చెయ్యి ముందుకు చాపింది. "ఇదీ తీసుకో."

మాఘంలో బిడ్డ వచ్చింది. రెండు చేతులూ మానాయి, డాక్టరమ్మ చూసి సరేనంది. మా ఇంటావిడ పెరట్లో ఏర్పాట్లు చేసింది: పీట, పొగలు కక్కే బకెట్టు, గిన్నెలో సున్నిపిండి. అత్త కాళ్లు చాపింది. మా అమ్మాయి బిడ్డ బట్టలు విప్పింది. అందరం ఉలిక్కిపడ్డాం. బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎర్రగా, గరుగ్గా. అవే మచ్చలు.

"చలికి పేలిందిలే," అంది మా ఇంటావిడ. "అమ్మ చేత్తో గట్టిగా నలుగు పెడితే పోద్ది."

అత్త గర్జించింది. "పిండి తియ్యండి! వేణ్ణీళ్లు పారబొయ్యండి! గోరువెచ్చన! తడి ఆరకముందే రాయండి!" ఆ కేకకు సముద్రం రెండడుగులు వెనక్కి పోయింది. మైపాడు పడవలన్నీ ఒడ్డుకు తిరిగొచ్చాయి. నేను అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాను.

బిడ్డను మర్నాడే డాక్టరమ్మకు చూపించాం. దాని మందులు దానికి ఇచ్చింది. నన్ను పోస్టు నుంచి దించేశారు. వెంకటాచలం బస్సెక్కాను. ఊలు గ్లవుజులు సంచి అడుగున పడేశాను.

ఇక మాట ప్రకారం నిజం. పడవలు, సముద్రం, సెల్యూట్ సంగతి మీకే తెలుసు. అచ్చంగా అబద్ధమాడింది ఒక్కచోటే. అత్త గర్జించలేదు.

ఆమె పిండి గిన్నెను పక్కకు జరిపింది. ఎడమ చెయ్యి బకెట్లో ముంచి చటుక్కున తీసింది. బిందెలోంచి ఒక చెంబు చన్నీళ్లు కలిపింది. ఇంకో చెంబు కలిపింది. పొగ ఆగింది. మళ్లీ చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు పోసింది.

బిడ్డ ఏడవలేదు. అత్త చెంబు పట్టుకుని, వంగి, దాని మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. ఏడుపు కోసం ఎదురుచూస్తున్నట్టు.