తనిఖీ వెళ్లాక కూడా తెరిచే ఉన్న గది

మడకశిర వైపు నుంచి గొర్రెలు మేపుకునే ఒకామె, విరేచనాలతో నీరసించిన బిడ్డను ఎత్తుకుని మా మెడికల్ కాలేజీ ఆసుపత్రి పిల్లల వార్డుకు వచ్చింది. మా హౌస్‌సర్జన్ చూసి, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇచ్చి పంపాడు. మర్నాడే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి బిడ్డకు ఫిట్స్. లీటరు నీళ్లలో కలపాల్సిన పొట్లాన్ని చిన్న గ్లాసుడు నీళ్లలో కలిపి తాగించింది. ఒంట్లో ఉప్పు మోతాదు మించిపోయింది.

"నీళ్లలో కలిపి తాపు అన్న్యాడు. తాపినా," అంది ఆమె, నా కళ్లలోకి సూటిగా చూస్తూ.

బిడ్డ బతికింది. హౌస్‌సర్జన్ని పక్కకు పిలిచాను. పరీక్షల్లో పతకం తెచ్చుకున్న పిల్లవాడు.

"ఎంత నీళ్లో చెప్పినావా? కలిపి చూపించినావా?"

"అట్ల చెప్పాలని మాకెవరూ నేర్పలేదు మేడమ్."

ఆ మాటకు అతని మీద రావాల్సిన కోపం మా అందరి మీదికీ మళ్లింది. నేర్పాల్సిన అధ్యాపకులం మేమే. నేర్పడం మాకెవరు నేర్పారు?

అధ్యాపకులు పాఠం చెప్పడం నేర్చుకునేందుకు, విద్యార్థులు రోగితో మాట్లాడటం సాధన చేసేందుకు ఒక కేంద్రం కావాలని ప్రిన్సిపాల్‌ను అడిగాను. ఆయన నవ్వారు.

"పాఠం చెప్పేదానికి కూడా ఒక సెంటరా? మేమంతా యాడ నేర్చుకున్న్యామమ్మా?"

అయితే తనిఖీ బృందం వస్తోందని కబురు అందగానే అదే ప్రిన్సిపాల్ నన్ను పిలిపించారు. అలాంటి కేంద్రం లేకపోతే కాలేజీ అనుమతికి ఇబ్బందట. పాత ఎక్స్‌రే గది కడిగించారు. 'వైద్య విద్యా కేంద్రం' అని బోర్డు పెట్టారు. ఆఫీసు కంప్యూటర్లు తెచ్చి బల్లల మీద పేర్చారు. విద్యార్థుల సాధన కోసం ఎప్పుడో కొని, అంతవరకు పెట్టె విప్పని బిడ్డ బొమ్మ ఒకటి బయటికొచ్చింది. తనిఖీవాళ్లు చూశారు, తలలూపారు, వెళ్లిపోయారు.

వాళ్ల కారు గేటు దాటిందో లేదో, కంప్యూటర్లు మళ్లీ ఆఫీసుకు వెళ్లిపోయాయి. ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి చెయ్యి చాచారు.

"అయిపోయినాది కదమ్మా. బీగాలు ఇచ్చేయ్."

"ఇయ్యను సార్."

"ఏమ్మా, మెమో ఇయ్యాల్నా?"

"ఇయ్యండి. ఈ గదికే పంపించండి, నేను ఈడనే ఉంటా."

తాళంచెవులు పిడికిట్లో బిగించి పట్టుకున్నాను.

మర్నాటి నుంచే మొదలుపెట్టాను. కిటికీల్లేని గది, పైన అనంతపురం ఎండ. ఫోను నిలబెట్టి ముందు నా పాఠాన్నే వీడియో తీయించి, తోటి అధ్యాపకులతో కలిసి చూశాను. బోర్డుతోనే మాట్లాడుతున్నాను, విద్యార్థుల వైపు ఒక్కసారీ తిరగలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్విన వాళ్లతో తర్వాతి పాఠం మీదేనన్నాను. కొందరు వచ్చారు. కొందరు "ఈ వయసులో మాకు నేర్పేదేమి?" అని నా మొహం మీదే అన్నారు.

మెమో నిజంగానే వచ్చింది. ఇక్కడ రోజూ క్లాసు నడుస్తోంది, వచ్చి చూడండి అని జవాబిచ్చాను.

ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ వచ్చారు. సర్జరీ విభాగం పెద్దాయన ఒకరు, భర్త కాలు తీసేయాలన్న సంగతి భార్యకు ఎలా చెప్పాలో సాధన చేస్తున్నారు. మా నర్సు భార్యగా కూర్చుంది.

"అర్థం కాలే సార్, ఇంగోసారి చెప్పండి," అని ఆమె వదలకుండా అడుగుతోంది. పెద్దాయన చెమటలు కక్కుతూ ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే మానేసి తెలుగులోకి దిగుతున్నారు. ప్రిన్సిపాల్ గోడకు ఆనుకుని చివరిదాకా చూశారు.

"ఇంత ఉక్కలో ఎట్లుండారమ్మా?" అని మాత్రం అని వెళ్లారు. తాళంచెవుల మాట మళ్లీ ఎత్తలేదు. కంప్యూటర్లు మాత్రం ఇప్పటికీ రాలేదు. ఉరవకొండ వైపు ఆరోగ్య కేంద్రాల నుంచి నర్సులు కూడా నేర్చుకోవడానికి వస్తున్నారు.

ఈమధ్య మళ్లీ తనిఖీ జరిగింది. "ఇది మేము మొదటినుంచీ నడుపుతాండే సెంటర్," అంటూ ప్రిన్సిపాల్ బృందాన్ని లోపలికి తెచ్చారు. విద్యార్థులు లేచి నిలబడబోయారు. కూర్చోమన్నాను.

"క్లాసు నడుస్తాంది సార్. అట్ల కూచోండి, అయినాక మాట్లాడదాం."

వచ్చినవాళ్లు వెనక బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు.