షేరూకి పట్టా కట్టిన పోస్టింగు

మే నెల. పొద్దున్న ఆరింటికే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కాకులు కూడా నీడలో క్యూ కట్టాయి. మంగ్లాలోని మా ఇంటి నుంచి స్కూటరు మీద వచ్చి మా అక్క క్వార్టర్లో కుక్క కాపలా డ్యూటీలో చేరాను. కిట్టు: లుంగీలు రెండు, టార్చి ఒకటి, బీపీ మాత్రలు. ఫౌజులో ఉండగా మంచు కొండల మీద కాపలా కాసినవాణ్ణి. అవన్నీ పిక్నిక్కులని అప్పటికి నాకు తెలీదు.

ముందు నేల సంగతి. అక్క వాళ్ళ క్వార్టరు పెరటిగోడ కొత్తది కడతామని కూల్చేశారు. పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఆ వెంటనే కంకర, కంకర మీద పట్టాలు. సీపత్ కరెంటు ప్లాంటు వైపు బొగ్గు రేకులు, అంటే గూడ్సు బళ్ళు, పగలూ రాత్రీ పోతుంటాయి. షేరూ అక్క పెంచిన వీధికుక్క. పుట్టి ఆరేళ్ళయినా వాడి మెడకి దారం కూడా కట్టలేదు.

అక్క, కూతురి పురిటికి విజయనగరం బయల్దేరుతూ గుమ్మంలోనే ఆర్డరిచ్చింది.

"ఆణ్ణి లైను మీదకి ఎల్లనీకు. నేనొచ్చేసరికి ఆడు ఇక్కడే కనపడాల. తెలిసిందేటి?"

సప్లై అధికారి మా బావ, లోకో షెడ్డులో ఫిట్టరు. ఇద్దరం సదర్ బజార్ వెళ్ళి దుకాణంవాడికి ఫోన్లో షేరూ ఫోటో చూపించాం.

"భాయ్‌సాబ్, దీని తల సన్నం, మెడ లావు. ఛాతీకి కట్టే పట్టీ తీసుకోండి. మెడకే కావాలంటే రెండు వేళ్ళు దూరేంత సందు ఉంచండి."

"ఛాతీకి కట్టడానికి ఇదేటి, బండెద్దా?" అన్నాడు బావ.

ఏనుగుని ఆపగల మెడ తోలుపట్టా, ఓడని ఆపగల గొలుసు కొన్నాడు. షెడ్డులో పెట్టెలు తగిలించే ఏ కప్లింగునైనా లాగి చూడందే బయటికి పంపరట. ఇంటికొచ్చి పట్టాని దూలానికి తగిలించి నిండు గ్యాసు సిలిండరు వేలాడదీశాడు. తర్వాత తనే వేలాడాడు. దూలం మూలిగింది, పట్టా మూలగలేదు.

"పాస్," అన్నాడు కిందికి దిగి.

షేరూకి కట్టాం. వాడు ముందుకి లాగలేదు. చెవులు వెనక్కి వాల్చి, మమ్మల్నే చూస్తూ, అడుగు అడుగు వెనక్కి నడిచాడు. పట్టాలోంచి తల ఊడొచ్చింది. ఇంజనులా ముందుకే లాగుతాడని మేం లెక్కేశాం. వాడు రివర్సులో పోయాడు. మటన్ బొమిక చూపించి వెనక్కి తెచ్చాం.

రెండు బెజ్జాలు బిగిస్తే దగ్గు. వదులు చేస్తే తల బయటికి. మెడ చుట్టూ బొచ్చు ఊడి ఎర్రగా చారపడింది. బావ మళ్ళీ బజారుకెళ్ళి, లాగితే బిగుసుకునే గొలుసు తెచ్చాడు.

"బిగిసేదే కదా మనకి కావలసింది," అన్నాడు.

అక్క ఫోన్ చేసింది. "ఎలాగున్నాడు?"

"అంతా కంట్రోల్లో ఉందక్కా."

"నీ కంట్రోలు ఎవడికి కావాల. తిన్నాడా?"

"తిన్నాడు," అన్నాను. ముందురోజు అన్నం గిన్నెలో అలాగే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో గొలుసు అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని నించున్నాను. బొగ్గు రేకు హారను కొట్టింది. షేరూ వెనక్కి గుంజాడు. గొలుసు బిగిసింది. బిగిసేకొద్దీ గుంజాడు. చేతిలో తాడు వదలకూడదని ఫౌజు నేర్పింది. నేను వదల్లేదు. వాడి నాలుక నల్లబడింది.

"వదిలీ బామ్మర్దీ, సచ్చిపోతాడు," బావ పరిగెత్తుకొచ్చాడు.

వదలాలనుకున్నా చుట్లు ఊడి రాలేదు. మోకాళ్ళ మీద పడి మెడ దగ్గర గొలుసు వదులు చేశాను. షేరూ నా మణికట్టు కొరికి, తల లాక్కుని, రేకు ముందు నుంచే లైను దాటేశాడు. బిలాస్‌పూర్‌లో ఉన్న వ్యాగన్లన్నీ ఆ రేకుకే తగిలించారేమో, ఎంతకీ అవలేదు. అయ్యాక చూస్తే అవతల గట్టు మీద ఉన్నాడు. బతికే ఉన్నాడు. చెయ్యి చాచి పిలిచాను. నా చెయ్యి చూసి పారిపోయాడు.

అక్క వచ్చేసరికి షేరూ రోజూ కంకరగుట్ట దాకా వస్తున్నాడు. అంతకి ఇవతలికి అడుగు పెట్టడు. బావ ఏదో చెప్పబోతే, "నువ్వు లోపలికి ఎల్లు," అంది.

ఆ రోజు వంతు కుక్కకాటు సూది పొడిపించుకుని సాయంత్రం మంగ్లా వచ్చేశాను. ఆ పోస్టింగులో నేను చూసినవాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ కళ్ళముందు నుంచి కదలదు. అక్క గాజులు ఒక్కొక్కటే తీసి గుమ్మంలో పెట్టింది. ఆ చప్పుడికి వాడు గొలుసనుకుంటాడని. తర్వాత కంకర మీద గొంతుక్కూచుని, ఏమీ లేదురా అన్నట్టు రెండు అరచేతులూ తెరిచి చూపించింది. షేరూ తోక ఊపాడు. ఊపుతూనే, ఒక అడుగు వెనక్కి వేశాడు.