మా వదిన దవడకు ఎక్స్‌రే

పంటి నొప్పితో ముఖం వాచిపోయిన మా వదినను ఈ ఉదయం అన్నయ్య, నేను జగ్గయ్యపేట నుంచి బెజవాడ తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీయాలని పళ్ళ డాక్టరుగారు అన్నయ్యతో అన్నారు.

"దానికేముందండీ, తీసెయ్యండి" అన్నాడు అన్నయ్య.

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మిషనుకు భయపడుతోందనుకుని, "ఏం కాదులే వదినా, ఫొటో లాంటిదే" అన్నాను. బి.ఎస్సీ. చదివి నేను చేసిన వైద్యం అది.

తిరుగు బస్సు నందిగామలో ఆగింది. అన్నయ్య కాఫీకి దిగగానే వదిన నా చెవిలో చెప్పింది.

"నెల తప్పి రెండు నెలలవుతోంది, అమ్మాయీ."

గర్భిణులకు ఆ కిరణాలు మంచివి కావని చదివినదాన్ని నేను.

"అయ్యో, అక్కడే చెప్పొద్దూ!"

"మూడో నెల వెళ్ళేదాకా మగాళ్ళ చెవిన వేయొద్దని మా అమ్మ ఒట్టేయించుకుంది. అయినా అక్కడ నన్నెవరడిగారు?"

తీసింది దవడకే కదా అని ఇంటికొచ్చినప్పటి నుంచీ నాకు నేనే చెప్పుకుంటున్నాను. నమ్మకం కుదరడం లేదు. డాక్టరుగారికి ఉత్తరం రాద్దామని కాగితం తీసి, ఈసారైనా అడగాలనిపించి, "రాయనా వదినా?" అన్నాను.

ఆమె ఇంకా జవాబు చెప్పలేదు. మీరైతే రాసేస్తారా, ఆగుతారా?