రోహన్ వాళ్ళ నాన్న తాగని శొంఠి కాఫీ

నేను పనిచేసే క్లినిక్ కింద ఒక చిన్న కెఫెటేరియా ఉంది. పొద్దున్నే అక్కడ కరక్ చాయ్, ఇక్కడి చిక్కటి పాల టీ, మరుగుతూ ఉంటుంది, ఏలకుల వాసన తప్ప మామూలుగా ఇంకేదీ పైకి రాదు. మొన్న మాత్రం, ఎవరికో జలుబు చేసి అడిగారో ఏమో, అందులో శొంఠి దంచి వేశారు. మెట్లెక్కుతుంటే ఆ ఘాటు ముక్కుకి తగిలింది. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. శొంఠి వాసనకి అందరికీ అమ్మమ్మో, వానపడే సాయంత్రమో గుర్తొస్తుందంటారు. నాకు మాత్రం ఒక స్టీలు ఫ్లాస్కు, దాని పక్కన ఎవరూ ముట్టని కప్పు, గాజు తలుపు అవతల తల వంచుకుని నిలబడ్డ మా అమ్మ గుర్తొస్తుంది. పందొమ్మిదేళ్ళొచ్చాయి, క్లినిక్‌లో ముందు కూర్చుని నవ్వుతూ మాట్లాడటమే నా ఉద్యోగం, అయినా ఆ కోపం చల్లారలేదు.

మేం అప్పుడూ ఇప్పుడూ దుబాయ్ సత్వాలోనే ఉంటున్నాం. పాత భవనంలో రెండో అంతస్తు, మూడు కుటుంబాలు పంచుకున్న ఫ్లాటు. మా వాటాకొచ్చిన గదికి మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టి, ఇటు పడక, అటు చదువు అని నాన్న విడదీశాడు. వేసవిలో ఏసీ నీళ్ళు బకెట్లో టపటపా పడుతుంటే, బయటి ఉక్కకి కిటికీ అద్దం మసకబారి, ఎదురు దర్జీ దుకాణం దీపాలు అందులోంచి నీళ్ళలో ఉన్నట్టు కనబడేవి. రంజాన్ నెలలో కింది అంతస్తు వాళ్ళు మన హలీమ్ లాంటి హరీస్ గిన్నెడు పంపితే, క్రిస్మస్‌కి అమ్మ అదే గిన్నె నిండా అరిసెలు సర్ది పంపేది. డిసెంబరు వచ్చిందంటే ఆ ప్లైవుడ్ గోడకి కాగితం నక్షత్రం వేలాడేది, గదంతా నువ్వులూ బెల్లప్పాకం వాసన. సాయంత్రాలు మేం పిల్లలం డాబా మీద సుద్దముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. మలయాళీ పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు, నేను, ఎవరి భాషలో వాళ్ళు తొండి అని అరుచుకునేవాళ్ళం.

ఆ ఆట ఆపేది మా అమ్మ గొంతే. కిటికీ తీసి "ఓసేయ్ సుధా!" అని ఒక్క పిలుపు పిలిచిందంటే కింద సందులో చాయ్ దుకాణం ముందు నిలబడ్డవాళ్ళు కూడా పైకి చూసేవాళ్ళు. ఆ దుకాణం మలయాళీ మామ నాకు సైగ చేసి, "అమ్మ! యల్లా, యల్లా!" అని తరిమేవాడు. నాన్న అల్ ఖూజ్‌లో ఒక వర్క్‌షాపులో ఏసీ డక్టులు చేసేవాడు, రోజంతా రేకు మీద సుత్తి దెబ్బల మధ్య ఉండి ఉండి చెవులు కాస్త మందగించాయి. అయినా అమ్మ మాట మాత్రం ఎప్పుడూ రెండోసారి చెప్పించుకునేవాడు కాదు. నరసాపురం దగ్గర ఒక బళ్ళో లెక్కలు చెప్పిన రోజుల్లో తన గొంతుకి పక్క క్లాసు పిల్లలు కూడా ఎక్కాలు అప్పజెప్పేసేవాళ్ళని అమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆ గొంతుని కాపాడుకోడానికే శొంఠి. అమ్మమ్మ దంచి జల్లించి పంపిన పొడి, తాటిబెల్లం, చిక్కటి డికాక్షను. రోజూ బడి నుంచి రాగానే చేతులు కూడా కడుక్కోకుండా అదే తాగేది.

అమ్మ పనిచేసే బళ్ళోనే నేనూ చదివేదాన్ని. అమ్మకి అక్కడ ఉద్యోగం ఉంది కాబట్టే నాకు అక్కడ సీటు ఉంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు, అందరికీ తెలుసు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కరోనా వచ్చి బళ్ళు మూసేశారు. ప్లైవుడ్‌కి అటువైపు అమ్మ, ఇటువైపు నేను, ఇద్దరం ఒకే క్లాసులో. చెప్పేది ఆవిడ, వినేది నేను. అప్పట్లో ఆ కంప్యూటర్ క్లాసుల్లో టీచర్ గొంతుని పిల్లలెవరైనా మ్యూట్ బటనుతో నొక్కేసే వీలుండేది. నా ఒక చెవిలో హెడ్‌ఫోను, రెండో చెవి ఖాళీ. ఖాళీ చెవికి గోడ అవతలి నుంచి అమ్మ పాఠం గట్టిగా వినబడుతుండేది, హెడ్‌ఫోను ఉన్న చెవిలో నిశ్శబ్దం. ఎవడో నొక్కేశాడు. అమ్మకి తెలియదు. భిన్నాలు విడమర్చి చెప్పేస్తోంది, ప్రశ్న అడుగుతోంది, జవాబు కోసం ఆగుతోంది, పాపం మళ్ళీ తనే చెప్పుకుంటోంది. నేను గోడ మీద కొట్టి "అమ్మా, వినబట్లేదు!" అని అరిస్తే, "మళ్ళీనా? ఎవడే వాడు?" అంటూ మొదటికొచ్చేది. ఎవడో నాకు తెలుసు. రోహన్.

రోహన్ నా క్లాసువాడే. వాళ్ళ నాన్నకి విల్లాలు కొని అమ్మే వ్యాపారం. వాడిది ఏ దేశమని అడుగుతారేమో, మనదే. టీచర్లని ఏడిపించడానికి ఆ బళ్ళో పాస్‌పోర్టు రంగుతో పనిలేదు. ఈజిప్టు నుంచి వచ్చిన అరబిక్ సారునీ, ఐర్లండు నుంచి వచ్చిన ఇంగ్లీషు మేడమ్‌నీ కూడా వదల్లేదు. ఐర్లండు మేడమ్ మధ్యాహ్నం తిండి వేళ స్టాఫ్ రూములో ఏడ్చేదట, ఏడాది తిరక్కుండానే విమానం ఎక్కేసింది. ఎక్కేయడానికి ఆవిడకి వీలుంది.

మరుసటేడు బళ్ళు తెరిచాక ఇంకా దారుణం. అందరి ముఖాలకీ మాస్కులు, బల్లకీ బల్లకీ ఎడం. మాస్కు ఉంటే నోరు కనబడదు కదా, ఆ సంగతి వాళ్ళు రెండోరోజుకే కనిపెట్టేశారు. అమ్మ బోర్డువైపు తిరగ్గానే ఎక్కడో ఒక మూలుగు మొదలయ్యేది. తిరిగి చూస్తే అన్నీ కళ్ళే, అన్నీ అమాయకమైన కళ్ళే. మూలుగు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పాకి గదంతా మోగేది. అమ్మ "సైలెన్స్!" అంటే అదే యాసలో, సాగదీసి, నాలుగు మూలల నుంచి "సైలెన్స్" అని తిరిగొచ్చేది. ముందు బల్లలో కూర్చున్న నేను పెన్సిలు విరిగేలా నొక్కేదాన్ని. ఇంటికొచ్చాక రెండు గ్లాసుల శొంఠి కాఫీ తాగితే తప్ప అమ్మకి మాట పెగిలేది కాదు. "ఇయ్యాల కొంచెం గొంతు పట్టేసింది, అంతే" అనేది.

ఒకరోజు రోహన్ చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ సీసా తీసుకుని, జాయ్ అనే ఫిలిప్పీన్స్ పిల్ల కళ్ళలోకి పిచికారీ కొట్టాడు. ఎవరి జోలికీ పోని పిల్ల, కేక పెట్టి కళ్ళు మూసుకుని నేల మీద కూర్చుండిపోయింది. క్లాసు నవ్వింది. అమ్మ ఒక్క అంగలో వచ్చి వాడి చేతిలోంచి సీసా లాక్కుని, ఆ పిల్లని నర్సు దగ్గరికి పంపి, మా ఇంటి కిటికీలోంచి నన్ను పిలిచే గొంతుతో వాణ్ణి కేకలేసింది. వాడి మీద చెయ్యి పడలేదు, నేను చూశాను. చివరికి, "రేపు మీ నాన్నని తీసుకురా" అంది.

ఈ ఒక్క మాట దగ్గరే అమ్మ పప్పులో కాలేసింది. అమ్మ ఎరిగిన లోకంలో తండ్రిని పిలిపించడమంటే ఆఖరి అస్త్రం. కబురందగానే తండ్రి పొలం నుంచో చేపల రేవు నుంచో కాళ్ళు కడుక్కుని వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, "ఆయ్, మీ చేతుల్లో పెట్టానండి, మీరేం చేసినా సరేనండి" అనేవాడు. టీచరు కుర్చీ వేయించి, కాఫీ పోయించి, మీవాడు మంచోడేనండి కానీ అని మొదలుపెట్టేది. టీచరూ తండ్రీ ఒకవైపు, పిల్లాడు ఒకవైపు. అమ్మ ఆ రాత్రి భోజనాల దగ్గర ఎంత ధీమాగా ఉందో!

"వాళ్ళ నాన్నొత్తే సరిపోద్దండి. కన్నతండ్రికి తెలీకే ఇలా తయారయ్యాడు."

నాన్న కంచంలోంచి తలెత్తి, "ఇది మనూరు కాదే. జాగ్రత్తగా మాట్లాడు" అన్నాడు.

"పిల్లలు ఎక్కడైనా పిల్లలే కదండీ" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే లేచి ఆయన కోసం శొంఠి కాఫీ కాచి ఫ్లాస్కులో పోసింది, ఇంట్లో ఉన్న పింగాణీ కప్పుల్లో అంచు విరగనిది వెతికి గుడ్డలో చుట్టింది. వచ్చినాయనకి మర్యాద చెయ్యొద్దూ!

బడి వదిలాక నేను ఆఫీసు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. గాజు తలుపు సరిగ్గా పడలేదు, మాటలన్నీ బయటికే. రోహన్ వాళ్ళ నాన్న అమ్మ వైపు చూడకుండా ప్రిన్సిపల్ ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన రోహన్ కూడా కూర్చున్నాడు. నిలబడింది మా అమ్మ ఒక్కతే. అమ్మ కప్పులో కాఫీ పోసి ఆయన ముందు పెట్టి, వచ్చీరాని హిందీలో, మీ అబ్బాయి తెలివైనవాడే సార్ అని మొదలుపెట్టింది. ఆయన ఫోను ఎత్తి చూపించాడు. వెనక బల్లవాడెవడో తీసిన వీడియో. అందులో పిచికారీ లేదు, జాయ్ లేదు. సీసా లాక్కుని అరుస్తున్న మా అమ్మ మాత్రమే ఉంది.

"హమ్ ఫీజ్ దేతే హై, మేడమ్" అన్నాడాయన. "మేరే బేటే పే చిల్లానే కే లియే నహీ." ఫీజు కట్టేది కొడుకు మీద అరిపించుకోడానికి కాదట.

వాళ్ళు అబద్ధం చెప్పినా ఎవరైనా జాయ్‌ని పిలిచి అడిగితే తేలిపోయేది. ఎవరూ పిలవలేదు. ప్రిన్సిపల్ మేడమ్ చాలా మెత్తగా మాట్లాడే మనిషి, ఆ మెత్తదనం తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు కొరకాలనిపిస్తుంది. క్లాసు ముందు కేకలేశారు కాబట్టి క్లాసు ముందే సారీ చెప్పేస్తే ఖలాస్, ఎవరూ ఇంకేమీ అనరు, మీ అమ్మాయి చదువు కూడా ఇక్కడే కదా, అంది. చివరి ముక్క ఎంత మెత్తగా అందో! అమ్మ తల వంచుకుంది. బల్ల మీద కాఫీ మీద మీగడ కట్టింది.

మరుసటి రోజు మొదటి పీరియడ్‌లో అమ్మ బోర్డు ముందు నిలబడి, "రోహన్, ఐ యామ్ సారీ" అంది. మాస్కుల వెనక ఎన్ని నోళ్ళు నవ్వాయో నాకు తెలియదు. నేను లేచి నిలబడ్డాను. బళ్ళో అమ్మని మేడమ్ అనాలనే నియమం, తెలుగు మాట్లాడకూడదనే నియమం, రెండూ గుర్తు రాలేదు.

"నువ్వెందుకు చెప్పాలమ్మా సారీ? ఆ పిల్ల కళ్ళు పోయుంటే?"

అమ్మ నా వైపు చూసింది. అంత చిన్న గొంతు ఆవిడలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"కూర్చోవే. నీకు దణ్ణం పెడతాను, కూర్చో."

కూర్చున్నాను. నా చదువు అక్కడే పూర్తయింది. రోహన్ కూడా పాసయ్యాడు, వీడ్కోలు రోజున మా అమ్మతో ఫోటో దిగాడు, అమ్మ నవ్వింది కూడా. వాడు మర్చిపోయాడు, వాళ్ళ నాన్న మర్చిపోయాడు, ప్రిన్సిపల్ మేడమ్ ఇంకా పెద్ద బడికి వెళ్ళిపోయింది. పోనీ నువ్వూ మర్చిపో అంటుంది అమ్మ. నేను మర్చిపోను. నా సీటు చూపించి మా అమ్మ నోరు మూయించారు, ఎలా మర్చిపోతాను?

డాబా మీద ఇప్పుడు నీళ్ళ ట్యాంకులు పెట్టి తాళం వేశారు, తొక్కుడుబిళ్ళ గళ్ళు ఎప్పుడో చెరిగిపోయాయి. మలయాళీ మామ ఊరెళ్ళిపోయాడు. అమ్మ ఇంకా అదే బళ్ళో లెక్కలు చెబుతోంది. ఎవరినీ ఏమీ అనదట. వెనక ఎంత గోల జరుగుతున్నా బోర్డు వైపే తిరిగి లెక్క రాసుకుంటూ పోతుందట. మంచి టీచరని పేరొచ్చింది, తల్లిదండ్రుల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

మొన్న ఆ వాసన తగిలిన సాయంత్రం ఇంటికెళ్ళి, ఎందుకో శొంఠి కాఫీ తాగాలనిపించి, వంటింటి అలమార పై అరలోంచి డబ్బా దించాను. మూత బిగుసుకుపోయింది. చెంచా వెనకతో పొడిచి తీస్తే, లోపల పొడి గడ్డకట్టి పురుగు పట్టి ఉంది.

"ఎప్పటిదమ్మా ఇది?" అని అడిగాను.

అమ్మ కూరలు తరుగుతూ ఏదో అంది. నాకు వినబడలేదు. దగ్గరికెళ్ళి మళ్ళీ అడగాల్సి వచ్చింది.

"పారెయ్యవే" అంది. "ఇప్పుడు నాకు గొంతు నొప్పి రావట్లేదు కదా."