గడ్డం ఎత్తు మట్టి దిమ్మె

మా చిన్నప్పుడు... ఆర్మూరులో మా పెరట్లో పసుపు కొమ్ములు దాచే పాతర తవ్వించారు. తవ్వింది ఎల్లవ్వ, ఆమె పెనిమిటి. రోజూ సాయంత్రం నేను గుంతలోకి దిగి, నడుమ వదిలేసిన మట్టి దిమ్మె మీద గడ్డం ఆనించి ఆమెతో ముచ్చట్లు పెట్టేదాన్ని. దిమ్మె మీది గడ్డి గడ్డానికి గిలిగింతలు పెట్టేది...

చివరి రోజు ఎల్లవ్వ నడుము పట్టుకుని కూర్చుంది. పాపం, ఆ దిమ్మె ఒక్కటే మిగిలింది కదా అని, వాళ్లు బువ్వ తినేలోపు పార తీసుకుని కూలగొట్టేశాను.

"అయ్యో బిడ్డా... సాక్షిని కూలగొట్టినవా!" అంది ఎల్లవ్వ.

తవ్వకముందు నేల ఎంత ఎత్తుందో చూపించడానికే పైనున్న గడ్డితో సహా ఆ దిమ్మెను వదులుతారట. దాన్ని చూసే లోతు కొలిచి కూలి కడతారట. నాకేం తెలుసు?

కూలి లెక్కలు రాసే మునీము వచ్చి, గుంత అంచు దగ్గర మూర వేసి కొలిచాడు. "రెండు మూరలు. గంతే రాస్త."

"తవ్వకముందు నడుమ నేల ఎత్తుగ దిబ్బ ఉండె గద సారూ!" అంది ఎల్లవ్వ. రెండు దినాల చెమట ఆ దిబ్బను తవ్వడంలోనే పోయింది.

నాకు అప్పుడూ కోపం ముక్కు మీదే. గుంతలోకి దూకి కూర్చున్నాను. "దిమ్మె నా గడ్డం దాకుండె. నన్ను కొల్వుండ్రి. లేకుంటే బయటికి రాను!"

మునీము నవ్వాడు. "పొల్లగాండ్ల గడ్డాలు చూసి లెక్క రాస్తమా?"

"దిమ్మె మీది గడ్డిపోసను నమ్ముతవు, నా బిడ్డను నమ్మవా? కొల్వు," అన్నాడు గట్టు మీంచి మా బాపు.

నిలబడ్డాను. ఎల్లవ్వకు ఇంకాస్త కలిసొస్తుందని మెల్లగా మడిమలు ఎత్తాను... ఎవరూ చూడలేదనుకున్నాను. మట్టి అంటిన ఎల్లవ్వ చెయ్యి వచ్చి నా పాదం మీద ఆనింది.

"మడిమలు దించు బిడ్డా. ఉన్నంత చాలు."

నా గడ్డం దాకా రెండున్నర మూరలు. అంచు లోతూ నడిమి లోతూ కలిపి సగం చేసి, రెండుంబావు అని రాశారు.

మొన్న ఒక చిన్న లెక్కల పుస్తకంలో పట్టకం గురించి చదివాను. అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో హెచ్చిస్తే ఘనపరిమాణమట. పైతలం, అడుగుతలం సమానంగా ఉంటేనే సుమా... మరి దిబ్బలున్న నేల సంగతి? అది రాయలేదు. కరపత్రాల్లో శ్రమ విలువ గురించి చదివి ఊగిపోతుంటాను, అందరితో పోట్లాడతాను. అయినా న్యాయం అనగానే నాకు గుర్తొచ్చేది పాదం మీది ఆ బరువే.

పాతర పూడ్చేశారు. ఎల్లవ్వ ఇప్పుడు ఏ ఊళ్లో తవ్వుతోందో...

మీ మడిమలు దించిన చెయ్యి ఎవరిది? చెప్పరూ...