పరీక్ష హాల్లో తెరవని పుస్తకం

2023 మొదట్లో సంగతి. నందిగామ కోర్టుకు ఎదురు సందులో, జిరాక్స్ షాపు పైన నా ఆఫీసు. ఆఫీసంటే ఒకటే గది. ఆ గదికి గోడలున్నాయో లేవో నాకు తెలియదు, ఎందుకంటే నేలనుంచి కప్పుదాకా అన్ని వైపులా లా పుస్తకాలే. వాటి బరువుకు కింద జిరాక్స్ షాపతను వాన పడ్డప్పుడల్లా పైకి చూసి దణ్ణం పెట్టుకుంటాడు. కొన్ని సంపుటాల్లో పేజీలు అతుక్కుపోయి ఇటుకలైపోయాయి. చెదపురుగులు కూడా కొన్నాళ్లు వాటితో కుస్తీ పట్టి, పళ్లు కదిలిపోయి, పక్క ప్లీడరు గారి బీరువాకు బదిలీ అయ్యాయి.

ఇన్ని పుస్తకాలెందుకని మీరడగొచ్చు. చూపించడానికి. మా వృత్తిలో పుస్తకం కనబడాలి, తెరుచుకోకూడదు. పల్లెనుంచి వచ్చిన క్లయింటు ముందు బీరువాలు చూస్తాడు, గుండె కుదుటపడుతుంది, కూర్చుంటాడు. తన గొడవ చెబుతాడు. అప్పుడు మనం సీలింగు ఫ్యాను వైపు ఒకసారి చూసి, సెక్షన్ నంబరు ఆకాశవాణిలా పలకాలి. పొరపాటున చెయ్యి పుస్తకం మీదికి పోయిందా, "ఈయనకు తెలియదురోయ్, చూసి చెబుతున్నాడు" అనుకుని సాయంత్రానికల్లా ఎదురు ప్లీడరు దగ్గర తేలతాడు. నా సీనియర్ గారికి ఎక్కడైనా అనుమానం వస్తే బాత్రూముకని లేచి, వెనకగదిలో పుస్తకం చూసుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చి చెప్పేవారు. పాపం, ఆయనకు షుగరుందని ఊరంతా అనుకునేది.

అలాంటి నా ఆఫీసులో రమాదేవి జూనియర్‌గా చేరింది. ఆమెది జగ్గయ్యపేట. చాలాకాలం సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసి, ముప్పయ్యయిదు దాటాక బెజవాడ వెళ్లి లా చదివింది. మొదటిరోజు ఆమె బ్యాగు దులిపితే రాలిన సిమెంటుతో కోర్టుకు ఒక ప్రహరీ కట్టొచ్చు. మనిషి చురుకు. నేను ఫ్యాను వైపు ఎలా చూస్తానో వారంలో పట్టేసింది. నెల తిరిగేసరికి నాకన్నా బాగా చూడసాగింది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. లా డిగ్రీ రాగానే ఇచ్చేది ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్, అంటే తాత్కాలికంగా నల్లకోటు వేసుకునే అనుమతి. రెండేళ్లలోపు బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. కాకపోతే పాసయ్యేదాకా కోర్టులో నిలబడి వాదించడానికి లేదు. పరీక్షలో వంద ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదానికి టిక్కు పెట్టాలి. బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు, హాల్లోకి తీసుకెళ్లనిస్తారు కూడా. "పుస్తకం పక్కన పెట్టుకుని రాసే పరీక్షలో తప్పేవాడుంటే వాణ్ని మ్యూజియంలో పెట్టాలి" అని నేను మా బార్ అసోసియేషన్‌లో చాలాసార్లు అన్నాను.

ఆ ఏడాది చివర్లో రాసిన పరీక్ష రమాదేవి తప్పింది. రెండు మార్కుల తేడా.

ఫలితం వచ్చిన మర్నాడు ఆమె ఆఫీసుకొచ్చి, నల్లకోటు మడతపెట్టి నా బల్లమీద ఉంచింది.

"కోటు ఇక్కడ పెట్టి వెళ్తానండి. ఫ్యాక్టరీలో మళ్లీ తీసుకుంటారేమో అడుగుతా."

"అదేంటమ్మా, ఇంకో ఛాన్సుందిగా. గడువు లోపల ఇంకోసారి రాయొచ్చు."

"మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ సార్. 'అమ్మా, నీకూ నాతో పాటు ట్యూషన్ మాట్లాడమంటావా' అంటంది. కాఫీ ఇచ్చి మరీ అంటంది."

నేను కుర్చీలోంచి లేచి ధైర్యం చెప్పడం మొదలుపెట్టాను. ధైర్యవచనాలకు నేను పెట్టింది పేరు. ఒకసారి నేను ధైర్యం చెబితే దావా ఓడిపోయినవాడు స్వీట్లు పంచాడు. ఆ రోజు పడి లేచినవాళ్లందరి కథలూ చెప్పాను, నాకు తెలియనివి కల్పించి చెప్పాను. చివరికి ఆమె చెయ్యెత్తి ఆపింది.

"సార్, ఏమనుకోకండి. మీరు ధైర్యం చెప్తుంటే భయమేస్తంది."

కూర్చున్నాను. "సరే. ఏ ప్రశ్నలు పోయాయో చెప్పు."

చెప్పింది. అన్నీ అటో ఇటో అనిపించేవే. పుస్తకంలో ఒక్కసారి చూసుకుంటే తేలిపోయేవి.

"మరి బేర్ యాక్టులు తీసుకెళ్లావుగా? బస్సులో కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టబోయాడని కూడా చెప్పావు?"

"తీసుకెళ్లా."

"చూడలేదా?"

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "చుట్టూ అంతమంది ఉన్నారు సార్. తీస్తే తెలవదనుకుంటారని... పైకి చూసి రాసేశా."

పరీక్ష హాల్లో కూడా ఫ్యాను వైపు చూసిందన్నమాట! నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుకు కింద జిరాక్స్ మిషన్ ఆగిపోయిందని తర్వాత తెలిసింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నాకు అవతల కోర్టులో పిలుపు. "నేనొచ్చేదాకా కదలొద్దు, క్లయింటొస్తే కూర్చోబెట్టు" అని చెప్పి వెళ్లాను.

వచ్చిన క్లయింటు కోటమ్మ గారు. చెవిటికల్లులో ఆవిడకు రెండెకరాల మిరప తోట. తోటలోకి పోవాలంటే మరిది వీరయ్య గారి పొలం గట్టు మీదుగానే దారి. ఆయన ఆ దారికి ముళ్లకంప కొట్టాడు. దావా వేసి తాత్కాలికంగా కంప తీయించాను గాని, అసలు తీర్పు రావాలి. ఇంకా సాక్ష్యాలే నడుస్తున్నాయి. ఆర్గ్యుమెంట్లు, అంటే చివరి వాదన, రావడానికి ఎంత లేదన్నా ఏడాది పైమాటే. తీర్పు మరిది వైపు పోతే ఆవిడ మిరపకాయలు హెలికాప్టర్లో తెచ్చుకోవాల్సిందే.

నేను తిరిగొచ్చి మెట్ల మీద ఉండగానే లోపలి మాటలు వినపడ్డాయి.

"ఏందమ్మాయ్, పుస్తకం తీస్తన్నావు? నీకు తెలవదా?"

నా గుండె జారి మెట్లమీద నాకన్నా ముందు కిందికి దిగింది.

"తెలుసండి. అయినా చూసి చెప్తా." కోటు విప్పేసిన మనిషికి ఇంక పోయే పరువేముంది! నింపాదిగా పేజీలు తిప్పుతున్న చప్పుడు.

"ఈ సారు ఎప్పుడూ తియ్యలేదే! అన్నీ నోటికే చెప్తాడు."

"నాకు నోటికి చెప్పబోతేనే పరీక్ష పోయిందండి."

కుర్చీ జరిగిన శబ్దం. లేచిందిరా బాబూ, పోయింది క్లయింటు అనుకున్నాను. కోటమ్మ గారు లేచిన మాట నిజమే. లేచి, బల్ల చుట్టూ తిరిగి, రమాదేవి పక్కన నిలబడింది.

"ఏదీ, యాడుందో చూపించు. వేలు పెట్టు."

"ఇదిగోండి. దారి హక్కు. ఎవరూ అడ్డం చెప్పకుండా, దొంగతనంగా కాకుండా, హక్కుగా ఇరవయ్యేళ్లు నడిస్తే ఆ దారి మీద మీకు హక్కొస్తది."

"ఇరవయ్యేళ్లని అచ్చులో ఉందా?"

"ఉందండి."

"నేను కాపురానికొచ్చి నలభయ్యేళ్లు. అయితే నాకు రెండు దార్లు రావాలే!"

నేను లోపలికెళ్లేసరికి ఇద్దరూ ఒకే పుస్తకం మీద వాలి ఉన్నారు. కోటమ్మ గారు నన్ను చూసి, "బాబూ, నా కేసు చివర్లో ఈ అమ్మాయే మాట్లాడాల" అంది.

"పరీక్ష తప్పానండి. మీ కేసు అక్కడిదాకా వచ్చేసరికి నా గడువైపోతది. పాసైతేనే మాట్లాడనిస్తారు" అంది రమాదేవి.

"తప్పితే మళ్లీ కట్టు. మా మనవడు పదోది మూడుసార్లు కట్టలా? నువ్వు ప్యాసయ్యేదాకా ఈ సారు వాయిదాలు అడుగుతాడులే. ఆయనకది అలవాటేగా."

నా వృత్తి జీవితంలో నా ప్రతిభను ఇంత సూటిగా గుర్తించినవాళ్లు లేరు. రమాదేవి వెళ్లేముందు బల్ల మీది కోటు తీసుకుని చంకలో పెట్టుకుంది.

ఆ మర్నాటినుంచి నా ఆఫీసులో ఘోరాలు మొదలయ్యాయి. ఏ క్లయింటు వచ్చినా రమాదేవి పుస్తకం తీసేది. వాళ్ల ఎదుటే వెతికి, వేలుపెట్టి చూపించి, తెలుగులో చెప్పేది. విడిగా చదువు లేదు, రాత్రి మేలుకోవడం లేదు. వచ్చిన మనిషి గొడవే ఆమెకు పాఠం. ఇద్దరు పారిపోయారు. మిగతావాళ్లు వదలకుండా కూర్చున్నారు. జి.కొండూరునుంచి వచ్చిన ఒకాయన విషయ సూచిక మొత్తం చదివించుకుని, టీ తాగి, తన కేసేమిటో చెప్పకుండానే సంతృప్తిగా వెళ్లిపోయాడు. ఇంకొకాయన నన్ను పట్టుకుని, "ప్లీడరు గారూ, జవాబుదావాకి ముప్పై రోజులని అచ్చేశారంటగా, మా అవతలివాళ్లకి మూడేళ్లెందుకు పట్టిందండి?" అనడిగాడు. నేను ఫ్యాను వైపు చూశాను. ఫ్యాను దగ్గర జవాబు లేదు.

మధ్యలో ఆమెకు నీరసం రాలేదని కాదు. ఒక్కో సోమవారం మొహం వేలాడేసుకుని వచ్చేది. "చదివింది చదివినట్టే పోతంది సార్" అనేది. ఇంతలో ఎవరో మెట్లెక్కి వచ్చేవారు. వాళ్ల గొడవ వింటూ చెయ్యి దానంతటదే పుస్తకం మీదికి పోయేది. నా ధైర్యవచనాలు చెయ్యలేని పని ఆ మెట్ల చప్పుడు చేసేది.

2024 జూలైలో పిడుగు పడింది. క్రిమినల్ చట్టాలన్నీ మారిపోయి కొత్తవి అమల్లోకొచ్చాయి. నంబర్లన్నీ తారుమారు. ముప్పయ్యేళ్లుగా ఫ్యాను వైపు చూసి మూడొందల రెండు, నాలుగొందల ఇరవై అని పలికిన మహామహులంతా రాత్రికి రాత్రి నిరక్షరాస్యులైపోయారు. ఒకాయన కొత్త చట్టాన్ని దినపత్రిక మధ్యలో పెట్టుకుని చదివాడు. ఆ నెల మా బార్ అసోసియేషన్ బాత్రూముకు హైవే దాకా క్యూ. ఆ క్యూలో నా ముందు ఇంకో నలుగురు సీనియర్లున్నారు కాబట్టి నేను రమాదేవినే అడగాల్సి వచ్చింది.

"అమ్మా, ఫోర్ ట్వంటీ ఇప్పుడెంత?"

"మూడొందల పద్దెనిమిది సార్. ఉండండి, చూసి చెప్తా."

తెలిసి కూడా చూసింది. చూశాక, "నాలుగో సబ్‌సెక్షన్ సార్" అని చేర్చింది.

ఆ డిసెంబరులో రెండోసారి పరీక్ష రాసింది. సాయంత్రం ఫోన్ చేసి, "తెగ తిప్పా సార్. ఒక పుస్తకానికి అట్ట ఊడొచ్చింది" అంది. ఎవరైనా నీ వైపు చూశారా అనడిగాను. "చూసే తీరికెవరికుందండీ, ఎవరి పుస్తకం వాళ్లు తిప్పుకుంటన్నారు" అంది.

ఫలితం రాకముందే రెండేళ్ల గడువు అయిపోయింది. కోటు మేకుకు తగిలించి, మామూలు చీరలో వచ్చి కాగితాలు తయారుచేసేది. కోటమ్మ గారి కేసు ఆర్గ్యుమెంట్లకు వచ్చింది. నేను నా ప్రతిభ చూపించి ఒక వాయిదా అడిగాను. ఇచ్చారు. రెండోది అడిగితే జడ్జి గారు కళ్లద్దాల పైనుంచి చూసి, "ఇదే ఆఖరు" అన్నారు.

ఆ ఆఖరు వాయిదాకు ముందు వారం ఫలితాలొచ్చాయి. రమాదేవి ఫోన్ నా ముందు పెట్టింది. నేను కళ్లజోడు వెతుక్కునేలోపే, "పాసండి" అంది. నేను వేసిన కేకకు మైలవరంలో కుక్కలు మొరిగాయని అభిజ్ఞవర్గాల భోగట్టా. ఆమె మాత్రం మేకు దగ్గరికెళ్లి కోటు దులుపుకుంది. "కోటమ్మ గారికి ఫోన్ చేసి ఇవాళే రమ్మంటానండి, వాదనకి కాగితాలు చూసుకోవాలి. బస్సు టైమైపోతది మళ్లీ ఆవిడకి."

వాదన రోజు అవతలి ప్లీడరు గారు, పెద్దమనిషే, రమాదేవి చేతిలో పుస్తకం చూసి నవ్వారు. "మేడమ్ గారు చూడకుండా మాట్లాడలేరనుకుంటానండి" అన్నారు కోర్టంతా వినేలా.

"అవునండి. ఇందులో ఉన్నదే మాట్లాడదామని" అంది రమాదేవి.

జడ్జి గారు తన పుస్తకం దగ్గరికి లాక్కున్నారు. "సెక్షన్ చెప్పండమ్మా, నేనూ చూస్తా."

కొద్దివారాల తర్వాత తీర్పు వచ్చింది. దారి కోటమ్మ గారిదే. ఒక్క దారే. రెండోది ఇవ్వలేదు.

కోర్టు వరండాలో వీరయ్య గారు మొహం ముడుచుకుని నిలబడ్డారు. కోటమ్మ గారు రమాదేవిని చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరికి లాక్కెళ్లింది. "మా మరిదికి చూపించు. లేకపోతే నేనేదో మాయ చేశానని ఊరంతా చెప్తాడు."

రమాదేవి తెరిచింది. వీరయ్య గారు జేబులోంచి కళ్లజోడు తీసి, వంగి, పెదాలు కదుపుతూ చదివారు. "ఇదేనా? ఈ ముక్క మా ప్లీడరు మొదట్లోనే చూపిస్తే ఆ కంప కొట్టకపోదును."

"చూపిస్తే వినేవోడివా నువ్వు?"

"వినను వదినా. చదువుతా."

ఇద్దరూ పోట్లాడుకుంటూనే కంచికచర్ల ఆటో ఒకటే ఎక్కారు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్నదే. పరీక్ష తప్పిన మనిషికి కావలసింది ఉపన్యాసం కాదు. ఆ తప్పిన మనిషి పని మీద నమ్మకంతో మెట్లెక్కి వచ్చే ఇంకో మనిషి. ఆ వచ్చిన మనిషికి కావలసింది మన జ్ఞాపకశక్తి కాదు, తన హక్కు ఎక్కడ రాసి ఉందో తన కళ్లతో చూసుకోవడం. అందుకని ఈమధ్య నేనూ క్లయింటు ఎదుటే పుస్తకం తీస్తున్నాను. మొన్న ఒకాయన అది చూసి లేచి వెళ్లిపోయాడు. పోనీలే అని ఆ సెక్షన్ చివరిదాకా చదివాను. అడుగున ఒక మినహాయింపు ఉంది. చాలా బాగుంది. నేనైతే అది ఉన్నట్టే ఎరుగను.